డాక్టరుగారు ఏమన్నారు?

'క్యాన్సర్' అన్న మాట చెవిన పడ్డాక డాక్టరు ఇంకేం చెప్పినా బుర్రకెక్కదు. కానీ అసలు సంగతులన్నీ ఆ తర్వాతి పది నిమిషాల్లోనే వస్తాయి. జబ్బు ఏ దశలో ఉంది, ముందు ఆపరేషనా కీమోనా, ఎన్ని విడతలు, ఎంత ఖర్చు... గది బయటికి రాగానే ఇంట్లోవాళ్లు 'ఏమన్నారు?' అని అడిగితే సగం కూడా గుర్తుండదు.

ఇది మతిమరుపు కాదు. మెదడు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేది నాలుగైదు సంగతులే. అందులోనూ భయం చోటు చేసుకుంటుంది. డాక్టర్లు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం రోగులు వెంటనే మర్చిపోతారని, గుర్తున్నదాంట్లోనూ దాదాపు సగం తప్పేనని నెదర్లాండ్స్‌కు చెందిన రాయ్ కెసెల్స్ 2003లో రాశారు.

మన దగ్గర మరికొన్ని బరువులు. ఊరి నుంచి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి వచ్చినవారికి ఓపీ చీటీ ఎక్కడ, స్కానింగ్ ఏ గదిలో, ఆరోగ్యశ్రీ కాగితాలు ఎవరికివ్వాలి అన్నదే పెద్ద పరీక్ష. డాక్టరు ముందు కూర్చునే సరికే ఓపిక అయిపోతుంది. 'ఆవిడకి చెప్పకండి' అని ఇంట్లోవాళ్లు సైగ చేశారా, ఆ తల్లి ముఖాలు చూసి నిజం ఊహించుకుంటూ కూర్చోవాలి.

ఇందులో ప్రాణం మీదికొచ్చే సంగతి ఒకటుంది. కీమో తర్వాత తెల్లరక్తకణాలు తగ్గుతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు చేరితే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆ మాట మర్చిపోయి, జ్వరం బిళ్ల వేసుకుని రెండు రోజులు పడుకుంటే ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకిపోవచ్చు.

అందుకే ఒక నోటుపుస్తకం పెట్టండి. ముఖ్యమైన మూడు ప్రశ్నలు ముందురోజే రాసుకోండి. డాక్టరుతో మాట్లాడేది ఒకరు, రాసుకునేది మరొకరు కావాలి. అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు. లేచే ముందు 'నాకు అర్థమైంది ఇదీ, సరేనా సార్?' అని తిరిగి చెప్పండి. తప్పుంటే అక్కడే దిద్దుతారు. రోగి తెలుసుకోవాలనుకుంటే అడ్డుపడకండి, జబ్బు ఆవిడదే కదా!

రాత్రిపూట జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు మాత్రం అట్ట మీదే పెద్దక్షరాలతో రాయండి.