సొంత జిల్లా రేవు, దేశం మెడకు అప్పు

శ్రీలంక దక్షిణ కొసన ఉన్న హంబన్‌టోట జిల్లా జనాభా 2012 లెక్కల ప్రకారం సుమారు ఆరు లక్షలు. ఆ జిల్లాలో ఓ లోతైన ఓడరేవు, ఓ అంతర్జాతీయ విమానాశ్రయం, 35 వేల మంది పట్టే క్రికెట్ స్టేడియం ఉన్నాయి. ఇన్ని హంగులకు దానికున్న ప్రధాన అర్హత, 2005 నుంచి 2015 దాకా దేశాధ్యక్షుడిగా ఉన్న మహింద రాజపక్స సొంత జిల్లా కావడం. స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. విమానాశ్రయానికి ఇంటిపేరు పెట్టారు. రేవును 2010 నవంబర్ 18న, సరిగ్గా ఆయన 65వ పుట్టిన రోజున, ఆయన పేరుతోనే ప్రారంభించారు.

సొంత నియోజకవర్గానికి రోడ్లో ఫ్యాక్టరీలో తరలించుకుపోని నేత ఉపఖండంలో అరుదే. అంతవరకైతే అది ఇంటి గొడవ. కానీ ఆ ముచ్చట తీర్చడానికి పరాయి దేశం డబ్బిచ్చినప్పుడు అది విదేశాంగ విధానమవుతుంది. హంబన్‌టోటలో జరిగింది ఇదే. రేవు కట్టమని ముందు భారత్‌నే అడిగామని రాజపక్స పలుమార్లు చెప్పారు. ఢిల్లీ ముందుకు రాలేదు. చైనా ఎగ్జిమ్ బ్యాంకు తొలి దశకు 2007లో సుమారు 30 కోట్ల డాలర్ల అప్పిచ్చింది. విమానాశ్రయానికీ పెట్టుబడిలో సింహభాగం అక్కడిదే. అప్పట్లో రక్షణ కార్యదర్శి పదవి తమ్ముడు గోటబయ చేతిలో, రేవుల శాఖ కొన్నేళ్లపాటు అన్న చమల్ చేతిలో ఉన్నాయి. అన్నదమ్ములే ప్రభుత్వమైన చోట వద్దని చెప్పే అధికారి ఎవరు?

రాజపక్స పక్షాన కూడా ఒక వాదన ఉంది. ఎల్‌టీటీఈతో యుద్ధంలోనూ, 2009లో అది ముగిశాక ఐక్యరాజ్యసమితిలోనూ పాశ్చాత్య దేశాలు ఆయనను నిలదీస్తే చైనా అండగా నిలిచింది. మానవ హక్కుల మండలిలో 2012, 2013లలో భారత్ కూడా శ్రీలంకకు వ్యతిరేకంగా ఓటేసింది. అలాంటప్పుడు బీజింగ్‌కు దగ్గరవడం దేశ ప్రయోజనం కాదా? కావచ్చు. కానీ ఆ స్నేహం ఫలాలు దేశ అవసరాల్లో కాక ఒక కుటుంబం కోటలో పండటమే చిక్కు. 2012లో హంబన్‌టోటకు వచ్చిన నౌకలు 34. అదే ఏడాది కొలంబోకు వచ్చినవి మూడున్నర వేల పైచిలుకు. 2014లో చైనా జలాంతర్గామి రెండుసార్లు కొలంబోలో లంగరు వేసినప్పుడు ఢిల్లీ ఉలిక్కిపడింది.

2015 జనవరిలో ఓటర్లు రాజపక్సను ఇంటికి పంపారు. అప్పును మాత్రం పంపలేకపోయారు. 2017లో తర్వాతి ప్రభుత్వం 112 కోట్ల డాలర్లకు రేవును 99 ఏళ్ల లీజు మీద చైనా మర్చంట్స్ సంస్థకు అప్పగించింది. దీన్ని చైనా అప్పుల ఉచ్చు అనడం పరిపాటి. నిజానికి ఆ సొమ్ముతో చైనా బాకీ రద్దు కాలేదు. అది విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లింది. శ్రీలంక అప్పుల్లో ఎక్కువ భాగం అంతర్జాతీయ బాండ్లు, ఇతర రుణదాతలదే. బీజింగ్ వల పన్నిందా లేదా అన్నది పక్కన పెడితే, తలుపు తీసింది మాత్రం కొలంబోయే.

దేశాధినేతకు ఇష్టాయిష్టాలు ఉండకూడదని కాదు. చంద్రికా కుమారతుంగకు భారత్‌తో చనువుండేది. 1998 డిసెంబర్‌లో వాజ్‌పేయితో ఆమె స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆమె తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ ఒప్పందం నిలిచింది. కారణం, దాని లాభం ఏ కుటుంబానిదో, ఏ జిల్లాదో కాదు. నేత అభిరుచి వేరు, నేత స్వప్రయోజనం వేరు. మొదటిదాన్ని నలుగురిలో చర్చకు పెట్టి ఒప్పించవచ్చు. రెండోదాన్ని దేశ ప్రయోజనం ముసుగు లేకుండా బయట పెట్టడం కుదరదు.

ఆ ముసుగు తీసేది వ్యవస్థలే. శ్రీలంకలో 1978 రాజ్యాంగం అధ్యక్షుడికి అపార అధికారాలిచ్చింది. 2010లో 18వ సవరణ రెండు దఫాల పరిమితినీ తొలగించింది. ప్రాజెక్టు లాభసాటా కాదా అన్న నివేదికలు, రుణ షరతులు ముందే పార్లమెంటులో నలిగి ఉంటే హంబన్‌టోట రేవు ఆ తీరున లేచేది కాదు. ఈ విషయంలో భారత్ చంకలు గుద్దుకోవడానికీ లేదు. విదేశీ ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరన్న నిబంధన మన రాజ్యాంగంలోనూ లేదు.

2022లో శ్రీలంక దివాలా తీసినప్పుడు భారత్ సుమారు 400 కోట్ల డాలర్ల సాయంతో ఆదుకుంది. అదే ఏడాది జులైలో అధ్యక్షుడు గోటబయ దేశం విడిచి పారిపోయారు. నెల తిరిగాక, ఆగస్టు 16న, ఢిల్లీ అభ్యంతరం చెప్పినా చైనా నిఘా నౌక యువాన్ వాంగ్ 5 హంబన్‌టోటలో లంగరు వేసింది. రాజపక్సలు గద్దె దిగారు. వారి జిల్లా రేవు లీజు గడువు మాత్రం ఈ శతాబ్దం దాటి పోతుంది.