జబ్బు మనసుదా, మెడదా?

ఇంట్లో ఒక మనిషి పలకరిస్తే ఉలక్కుండా, పని ముట్టకుండా కూర్చుంటే ఒళ్లు బద్ధకమంటాం. ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటే మనోవ్యాధి అంటాం. లేనిపోని అనుమానాలు పడితే పిచ్చి అని తేల్చేస్తాం. లోపం మెడలో ఉండవచ్చునని మాత్రం తోచదు.

గొంతు ముందు భాగాన సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉన్నది. ఒంట్లో అవయవాలు ఏ వేగాన పనిచేయాలో చెప్పేది అందులో ఊరే హార్మోను. మెదడూ దాని మాట వినవలసిందే. హార్మోను చాలకపోతే ఆలోచన మందగిస్తుంది. దిగులు, మతిమరుపు పట్టుకుంటాయి. బాగా ముదిరితే ఎవరూ అనని మాటలు చెవిన పడతాయి. హార్మోను ఎక్కువైతే కంగారు, చిరాకు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం.

స్వయంగా డాక్టరైన ఎ. జె. క్రోనిన్ 1937లో రాసిన 'సిటడెల్' నవలలో ఒక గని కార్మికుణ్ణి పిచ్చివాడని ఆసుపత్రికి పంపబోతారు. కుర్ర డాక్టరు అసలు జబ్బు థైరాయిడ్‌దని గుర్తుపట్టి మందిస్తే మనిషి బాగుపడతాడు. నవలలో ఏమైనా జరుగుతుంది లెమ్మంటారా? 1949లో లండను డాక్టరు రిచర్డ్ ఆషర్ ఇటువంటి 14 మంది రోగుల సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించాడు. థైరాయిడ్ మందుతో వారిలో 9 మంది పూర్తిగా కోలుకున్నారు.

ఈ జబ్బు మగవారికన్నా ఆడవారికే ఎక్కువ. కాన్పయిన ఏడాదిలోపు కూడా రావచ్చు. అందుకే ఈ శీర్షిక చదివే అత్తగార్లకు నా మనవి: కోడలు మారిపోయిందని నిష్ఠూరమాడే ముందు ఆమెను తేరిపార చూడండి. ముఖం ఉబ్బిందా? చర్మం పొడిబారిందా? గొంతు బొంగురు పోయిందా? అందరికీ ఉక్కపోస్తుంటే ఆమె దుప్పటి కప్పుకుంటున్నదా? తాయెత్తు కట్టించే ముందు రక్తంలో టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించండి.

అయితే దిగులంతా థైరాయిడ్ వల్లనే అని నేననడం లేదు. మనసుకు వాడుతున్న మందులు మీ అంతట మీరు మానవద్దు. లిథియం వాడేవారికి దానివల్లనే థైరాయిడ్ తగ్గవచ్చు గనుక డాక్టరు చెప్పిన గడువుకు పరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్ మాత్రలు సొంతంగా కొని మింగినా ముప్పే. మోతాదు మించితే గుండెకు చేటు.

మందు గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలు ఆమెను దెప్పకుండా ఉండడం ఇంటివారి వంతు వైద్యం.