వెల్డింగ్ సర్టిఫికెట్: చేరే ముందు లెక్క మనమే వేసుకుందాం

పదో తరగతి ఫలితాలు రాంగనే మన ఇండ్లల్ల ఒకటే మాట. "ఇంటర్ చదివి ఏం జేస్తవ్ బిడ్డా? ఐటీఐల వెల్డింగ్ నేర్చుకో, ఏడాదిల చేతికి పని వస్తది." మా పెద్దనాయిన కొడుక్కి కూడా ఇదే మాట చెప్పి ఒక ప్రైవేటు ఐటీఐల చేర్పించినం. ఫీజుకు మేకలు అమ్మినం. ఏడాదంతా కలిపి వాడు కాల్చిన రాడ్లు ఒక ప్యాకెట్టు కూడా కావు. సర్టిఫికెట్ మాత్రం వచ్చింది. ఇప్పుడు గేట్లు, గ్రిల్లులు చేసే షాపుల హెల్పర్‌గా ఉన్నడు. పక్కన పనిచేసే పిలగాడు ఐటీఐ గడప తొక్కనే లేదు. ఇద్దరికీ ఒకే కూలి. సర్టిఫికెట్ ఇంట్ల పెట్టెల ఉంది.

అంటే సర్టిఫికెట్ దండగనా? కాదు. కానీ ఎవరికి, ఎప్పుడు, ఎంత ఖర్చుకు లాభమో లెక్క వేయకుండా చేరుడు దండగ.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, లెక్క ఇట్ల వేద్దాం. ఇవి ఉదాహరణ అంకెలే, మీ ఊరి కూలి రేటు పెట్టి మీరే మార్చుకోండి. వెల్డర్ కోర్సు ఒక ఏడాది. ఆ ఏడాది కూలికి పోతే రోజుకు 500 చొప్పున నెలకు 20 రోజులు, ఏడాదికి 1,20,000 రూపాయలు. అది పోతది. గది, తిండి, బస్సు నెలకు 3,000 అనుకుంటే 36,000. ఫీజు ఒక్క రూపాయి లేకపోయినా 1,56,000 అయింది. ప్రైవేటుల ఇంకో 30,000 కడితే 1,86,000. ఫీజు కంటే పోయిన కూలే పెద్ద ఖర్చు. దాన్ని ఎవ్వరూ లెక్కల రాయరు.

ఇప్పుడు రాబడి. సర్టిఫికెట్ వల్ల రోజుకు 200 ఎక్కువొస్తే నెలకు 4,000. పెట్టింది తిరిగి రావడానికి ఫీజు లేకుంటే మూడేండ్లు దాటుతది, ఫీజు కడితే నాలుగేండ్లకు దగ్గర. తేడా 100 రూపాయలే అయితే ఫీజు లేకపోయినా ఆరున్నరేండ్లు. మా అన్నదమ్మునికి వచ్చిన తేడా సున్నా. సున్నాతోని ఏ అప్పూ తీరదు.

అందరికీ పోయే కూలి ఒకటే కాదు. ఉపాధి హామీ పని మీదనే ఆధారపడ్డ ఇంటి సంగతి చూడండి. 2025-26లో మన రాష్ట్రంల రోజుకూలి 307 రూపాయలు. కుటుంబం మొత్తానికి 100 రోజులు దొరికినా 30,700. అట్లాంటి ఇంటి పిలగాడు కోర్సుల చేరితే పోగొట్టుకునేది తక్కువ. కానీ ఆ ఏడాది తిండి ఖర్చు మోసే శక్తి కూడా ఆ ఇంటికే తక్కువ. మన పిల్లలు నడుమల ఆపేసేది అందుకే, తెలివి లేక కాదు.

ఇంతకీ సర్టిఫికెట్‌ను అడిగేదెవరు? ఊర్ల గేటు చేయించుకునేటాయన అడగడు, అతుకు గట్టిగుందా అని చూస్తడు. రైల్వే అప్రెంటిస్‌కు అడుగుతరు. పెద్ద ఫ్యాక్టరీలు అడుగుతయ్. అక్కడ చెల్లేది నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్, మూడు నెలల కోర్సు కాగితం కాదు. గట్టు నుంచి రాయచూరు దూరమేం కాదు, అక్కడ శక్తినగర్‌ల థర్మల్ ప్లాంటు ఉంది. అట్లాంటి చోట బాయిలర్ గొట్టాలు అతికించాలంటే ఐటీఐ కాగితం ఒక్కటే సరిపోదు. 1950 నాటి ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ ప్రకారం వేరే పరీక్ష పాస్ కావాలె. పైపు పనికి సిక్స్ జీ అనే పరీక్ష పెడతరు. పైపును 45 డిగ్రీల వాలుగ బిగించి, కదపకుండా చుట్టూ అతకాలె. ఆ చెయ్యి ఉన్నోనికే మంచి కూలి. ఆ చెయ్యి రాడ్లు కాల్చితేనే వస్తది.

అందుకే కోర్సు తర్వాత అప్రెంటిస్‌షిప్ వదలొద్దు. 2019లో సవరించిన నిబంధనల్ల ఐటీఐ పాసైనోళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 7,000 పెట్టిన్రు. కూలి కంటే తక్కువనే, పై లెక్కల ఇంకో 36,000 కలుస్తది. కానీ ఆ ఏడాదిల చెయ్యి తిరిగి, తేడా రోజుకు 400కు పెరిగితే ఫీజు లేని చదువుకు పెట్టింది మొత్తం రెండేండ్లల తిరిగొస్తది.

ఇంకో మాట. వెల్డర్ సీటుకు ఎనిమిదో తరగతి చాలు. సీడు పత్తి చేలల్ల క్రాసింగ్ పనికి పోయి బడి ఆగిన గట్టు, గద్వాల పిల్లలకు ఇది దారే. అయినా ఓపెన్ స్కూల్లనన్న పది పాస్ కాండి. రైల్వే అప్రెంటిస్‌కు పది కావాలె. గల్ఫ్ పోవాలన్నా పది పాసైనోళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తిప్పలుండదు.

ఆరోగ్యం ఖర్చు కూడా లెక్కల రాయాలె. అద్దం లేకుండా మంట చూస్తే రాత్రి కండ్లల్ల ఇసుక పోసినట్టు మంట. వెల్డింగ్ పొగ క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2017లో తేల్చింది. హెల్మెట్, గ్లౌజులు, గాలి ఆడే షెడ్డు ఇవ్వని షాపు ఇచ్చేది నిజమైన కూలి కాదు, మన ఊపిరికి కట్టే ధర.

కాబట్టి చేరే ముందు ఆ ఐటీఐకి పోయి నాలుగు అడగండి. నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వచ్చే గుర్తింపు ఉందా? ఒక్కొక్కరికి వారానికి ఎన్ని రాడ్లు ఇస్తరు? మిషన్లు ఎన్ని నడుస్తున్నయ్? పోయినేడు పాసైనోళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నరు? షెడ్డుల కాలిన రాడ్డు ముక్కలు కనబడకపోతే వెనక్కి తిరగండి. మొదలు సర్కారీ సీటుకే ప్రయత్నం చేయండి. చెల్లెళ్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు ఉచితం, ఆ ఖర్చు తగ్గుతది. ఇది మగోళ్ల పనే అని ఎవరన్నా అంటే పట్టించుకోకండి.

ఇగ సర్కారును మనం అడగాల్సింది. గట్టును ఆకాంక్షిత బ్లాకుల జాబితాల పెట్టిన్రు, మంచిదే. నల్లమల పెంటల చెంచు పిల్లలకు నైపుణ్య శిక్షణ అని మాట్లాడుతున్నరు, అదీ మంచిదే. కానీ ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చిన్రు అనే లెక్క మాకొద్దు. నేర్చుకునే ఏడాది ఇల్లు గడిచేటట్టు స్టైపెండ్, హాస్టల్, కాల్చడానికి సరిపడ రాడ్లు, తర్వాత అప్రెంటిస్ సీటు ఇయ్యిన్రి. ఈ నాలుగు లేని శిక్షణ మన మేకలు అమ్మించి పెట్టెల కాగితం పెట్టుడే.