రెండవసారి పరీక్షకు కూర్చునే ముందు

ప్రతి సంవత్సరం డిసెంబరు ద్వితీయార్ధంలోనో, జనవరి తొలి దినాలలోనో క్యాట్ ఫలితాలు వెలువడుతాయి. ఐ.ఐ.ఎం.లలో ఎం.బి.ఏ. చదువుకు ప్రవేశద్వారమైన ఈ పరీక్షను 2024లో దాదాపు 2,93,000 మంది రాశారు. వారిలో నూరు పర్సెంటైల్ సాధించినవారు 14 మంది. తక్కినవారిలో చాలామందికి ఆనాడు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: వచ్చే ఏడు మళ్ళీ రాయాలా, లేక వచ్చినదానితో తృప్తిపడి ముందుకు సాగాలా?

ఈ ప్రశ్నకు ఇంట్లో పెద్దలు, మిత్రులు, శిక్షణ కేంద్రాలవారు తలొక సమాధానం చెబుతారు. "ఒక్క ఏడాదే కదా" అన్నది వాటిలో తరచుగా వినవచ్చే మాట. కాని ఇరవైరెండేళ్ళ వయసులో ఒక ఏడాది వెల ఒక విధంగా ఉంటుంది. ఇరవైఏడేళ్ళ వయసులో, ఇంటి బాధ్యతలు మీద పడినప్పుడు, అదే ఏడాది వెల మరొక విధంగా ఉంటుంది. కాబట్టి దీనిని ధైర్యాధైర్యాల సమస్యగా కాక లెక్కల సమస్యగా చూడడం శ్రేయస్కరం. ఆ లెక్కకు మూలమైన ప్రశ్న ఇది: మొదటిసారికీ రెండవసారికీ మధ్య ఏమి మారబోతున్నది? దీనికి స్పష్టమైన సమాధానం ఉన్నవారికి రెండవ ప్రయత్నం సార్థకమవుతుంది. లేనివారికి అది మొదటి ప్రయత్నానికి నకలు మాత్రమే.

రెండు పరీక్షలు, రెండు పంచాంగాలు

ఎం.బి.ఏ. ఆశించే భారతీయ విద్యార్థి ముందు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది క్యాట్. ఇది ఏడాదికి ఒక్కసారే, సాధారణంగా నవంబరు చివరి ఆదివారం నాడు జరుగుతుంది. దరఖాస్తులు ఆగస్టులో ప్రారంభమై సెప్టెంబరులో ముగుస్తాయి. ఎన్నిసార్లు రాయవచ్చుననే దానికి పరిమితి లేదు. అయితే వచ్చిన స్కోరు ఆ ఒక్క ప్రవేశ సంవత్సరానికే చెల్లుతుంది. నవంబరులో ఆ రోజున జ్వరం వచ్చినా, మనసు చెదిరినా, మళ్ళీ అవకాశం పన్నెండు నెలల తరువాతనే.

రెండవది జీమ్యాట్. విదేశీ విద్యాలయాలతోపాటు 2001లో హైదరాబాదులో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ కూడా దీని స్కోరును స్వీకరిస్తుంది. దీనిని ఏడాది పొడుగునా రాయవచ్చు. ఒకసారి రాసిన తరువాత పదహారు రోజులకు మళ్ళీ రాయవచ్చు. పన్నెండు నెలల కాలంలో అయిదుసార్లకు మించరాదు. స్కోరు అయిదేళ్ళు చెల్లుతుంది.

ఈ భేదాన్ని గుర్తించకపోవడం వలననే చాలామంది పొరబడుతున్నారు. క్యాట్ విషయంలో రెండవ ప్రయత్నానికి చెల్లించే మూల్యం కాలం. జీమ్యాట్ విషయంలో ముందుగా ఖర్చయ్యేది డబ్బు, ప్రతిసారీ వందల డాలర్ల రుసుము. అక్కడ కాలాన్ని శాసించేది పరీక్ష కాదు, విద్యాలయాల దరఖాస్తు గడువులు.

పర్సెంటైల్ అంటే ఏమిటి?

పర్సెంటైల్ అంటే నూటికి వచ్చిన మార్కులు కావు. ఎందరిని వెనుకకు నెట్టి ముందు నిలిచామన్న లెక్క. 2024 నాటి సంఖ్యనే తీసుకుంటే, 95 పర్సెంటైల్ వచ్చిన అభ్యర్థికి పైన సుమారు 14,650 మంది ఉన్నారు. 99 వచ్చినవానికి పైన ఉన్నవారు సుమారు 2,930 మంది. అంటే ఈ నాలుగు అంకెలు పెరగాలంటే పదకొండు వేలకు పైబడిన మందిని దాటవలె. వారేమీ చేతులు ముడుచుకుని కూర్చోరు. వారిలోనూ అనేకులు మళ్ళీ రాసేవారే. పైగా వచ్చే ఏటి పోటీదారులు వేరు, ప్రశ్నపత్రం వేరు. నిరుటి తయారీతోనే మళ్ళీ కూర్చున్నవానికి నిరుటి స్థానమైనా దక్కుతుందన్న హామీ లేదు.

అయితే నిరాశపడవలసిన పని కూడా లేదు. ఈ మెట్టు దాటడానికి కొత్త విద్య నేర్వనక్కరలేకుండానే కొన్ని మార్కులు దొరుకుతాయి. క్యాట్‌లో సరైన జవాబుకు మూడు మార్కులు. ఎంపిక ప్రశ్నలకు తప్పు జవాబు రాస్తే ఒక మార్కు పోతుంది. ఒక అభ్యర్థి 45 ఎంపిక ప్రశ్నలకు జవాబులు రాసి, 30 సరిగా, 15 తప్పుగా చేశాడనుకోవచ్చు. అతనికి వచ్చేవి 90 లోనుంచి 15 పోగా 75. ఆ పదిహేనింటిలో కేవలం ఊహమీద గుర్తుపెట్టిన తొమ్మిదింటిని వదలివేసి ఉంటే 84 వచ్చేవి. ఒక్క కొత్త సూత్రమైనా నేర్చుకోకుండా, ఏది వదలాలో తెలుసుకున్నందువలననే తొమ్మిది మార్కులు! వదలిన ప్రశ్నలకు వెచ్చించిన నిమిషాలు మిగలడం అదనపు లాభం.

మార్కులు ఎక్కడ పోయాయి?

కాబట్టి ఫలితం వచ్చిన వారం రోజులలో చేయవలసిన మొదటి పని, స్కోరు కాగితాన్ని ముందు పెట్టుకుని నష్టానికి కారణాన్ని వెదకడం. 2020 నుండి క్యాట్ రెండు గంటల పరీక్ష. మూడు విభాగాలకు తలొక నలభై నిమిషాలు. ఒక విభాగంలో మిగిలిన కాలాన్ని మరొక దానికి వాడుకోవడానికి వీలులేదు. 2024 పత్రంలో ఇంగ్లీషు విభాగానికి 24 ప్రశ్నలు, తక్కిన రెండింటికి 22 చొప్పున ఇచ్చారు. ఒక్కొక్క ప్రశ్నకు రెండు నిమిషాలైనా దక్కవు.

నష్టాలు సాధారణంగా మూడు రకాలు. విషయం తెలియక పోయిన మార్కులు మొదటి రకం. తెలిసినా వేళ చాలక పోయినవి రెండవ రకం. తెలిసి, వేళ ఉండి, తొందరపాటువల్లనో భయంవల్లనో పోయినవి మూడవ రకం. మొదటి రకానికి నెలల తరబడి చదువు కావాలి. తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగులో ప్రవేశించిన విద్యార్థికి గణితం సులువై, ఇంగ్లీషు గద్యభాగాలు కొరుకుడు పడకపోవడం తరచుగా కనిపించే విషయం. దీనికి పది నమూనా పరీక్షలు మందు కావు. ఏడాది పాటు రోజూ ఒక మంచి ఇంగ్లీషు పత్రికను శ్రద్ధగా చదవడమే మందు. అట్టివారికి పన్నెండు నెలల వ్యవధి నిజంగా ఉపకరిస్తుంది. రెండవ, మూడవ రకాలకు మాత్రం ఏడాది అక్కరలేదు. కాలం పెట్టుకుని రాసే అభ్యాసం మూడు, నాలుగు నెలలపాటు క్రమంగా సాగితే చాలు. అందుకోసం ఉద్యోగం మానుకోవడం అవివేకం.

స్కోరు మార్చలేని సంగతులు

రెండవ ప్రయత్నానికి ముందు మరొక లెక్క కూడా వేయాలి. ప్రవేశం కేవలం క్యాట్ స్కోరు మీద ఆధారపడదు. 1961లో నెలకొన్న అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం. అభ్యర్థులను మౌఖిక పరీక్షకు పిలిచేటప్పుడు పదవ తరగతి, పన్నెండవ తరగతి, డిగ్రీ మార్కులను, ఉద్యోగానుభవాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. బెంగుళూరు సంస్థదీ ఇంచుమించు ఇదే పద్ధతి. పదిహేనేళ్ళ వయసులో రాసిన పరీక్షను ఎవరూ మళ్ళీ రాయలేరు. పాత మార్కులు తక్కువగా ఉన్నవారు 98 నుండి 99కి ఎదిగినా, ఆ సంస్థల తలుపు తెరుచుకోకపోవచ్చు. అదే 98 పర్సెంటైల్‌కు విశాఖపట్నంలో 2015లో ఆరంభమైనటువంటి కొత్త ఐ.ఐ.ఎం.ల నుండి పిలుపు వచ్చే అవకాశం ఎక్కువ. తాను కోరుకునే సంస్థ ఎంపిక పద్ధతిని చదివి, తన పాత మార్కులను అందులో ఉంచి, "ఎంత స్కోరు వస్తే నాకు పిలుపు రాగలదు?" అని ముందే లెక్కకట్టినవారు ఒక ఏడాది వృథాను తప్పించుకోగలరు.

ఇప్పటికే ఏదో ఒక సంస్థలో సీటు చేతికి వచ్చినవారి చిక్కు వేరు. ఆ సీటును వదలి మళ్ళీ రాయదలచినవారు రెండు చదువుల మధ్య వ్యత్యాసాన్ని చూడాలి: రుసుము ఎంత, ఉద్యోగాలు ఎటువంటివి, ఏడాది జీతం నష్టమెంత. సీటు ఖాయం చేసుకోవడానికి చెల్లించిన సొమ్ము ఏ తేదీలోగా వదులుకుంటే తిరిగివస్తుందో నియమావళిలో చదివి తెలుసుకోవడం కూడా అవసరం.

గడువు నుండి వెనుకకు

జీమ్యాట్ చరిత్ర డెబ్బై ఏళ్ళ నాటిది. 1953లో తొమ్మిది అమెరికన్ విద్యాలయాలు కలిసి తలపెట్టగా 1954లో ఆరంభమైన ఈ పరీక్ష ఉద్దేశం పరిమితమైనది: చదువు మొదటి ఏట విద్యార్థి ఎట్లా నెగ్గుకు రాగలడో అంచనా వేయడం. అంతకు మించిన జాతకఫలం అందులో లేదు.

2023 నవంబరులో దీని రూపం మారింది. ఇప్పుడు మూడు విభాగాలలో 64 ప్రశ్నలు. వ్యవధి రెండుంబావు గంటలు. స్కోరు 205 నుండి 805 వరకు. పాత పద్ధతిలో 700 వచ్చినవారు నిలిచే స్థానంలో కొత్త పద్ధతిలో ఉజ్జాయింపుగా 645 వచ్చినవారు నిలుస్తారు. ఈ సంగతి తెలియక, అన్నగారి పాత స్కోరుతో తమ కొత్త స్కోరును పోల్చుకుని కుంగిపోయి, అవసరం లేకుండా మళ్ళీ రాసేవారు ఉంటారు. ఇప్పటి పద్ధతిలో అభ్యర్థి తన స్కోరు చూసుకున్న తరువాతనే ఏ విద్యాలయానికి పంపాలో నిర్ణయించుకోవచ్చు గనుక, ఒక ప్రయత్నం చెడినంత మాత్రాన పరువు పోయేదేమీ లేదు.

అమెరికాలోని ప్రముఖ విద్యాలయాలు దరఖాస్తులను విడతలుగా స్వీకరిస్తాయి. మొదటి విడత గడువు సాధారణంగా సెప్టెంబరులో, రెండవది జనవరిలో ముగుస్తుంది. కొన్నింటికి వసంతకాలంలో మూడవ విడత ఉన్నా, అప్పటికి సీట్లు చాలావరకు నిండిపోతాయి. వీసాకు, బ్యాంకు రుణానికి వ్యవధి కూడా తక్కువ. అందువల్ల మన దేశం నుండి వెళ్ళేవారికి మొదటి రెండు విడతలే అనుకూలం.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. సెప్టెంబరు గడువును లక్ష్యంగా పెట్టుకున్నవారు మొదటి ప్రయత్నం మే, జూన్ నెలలలో ముగించుకోవాలి. అప్పుడు జూలైలో రెండవదానికి తావుంటుంది. ఆగస్టు మాసమంతా వ్యాసాలకు, సిఫారసు లేఖలకు మిగులుతుంది. ఆగస్టు చివర మొదటిసారి రాసి, అసంతృప్తితో పదహారవ రోజున మళ్ళీ కూర్చున్నవానికి స్కోరు పది పాయింట్లు పెరిగినా పెరగవచ్చు; కాని హడావిడిగా రాసిన వ్యాసం వల్ల కలిగే నష్టం అంతకంటె పెద్దది. అటువంటి స్థితిలో బలహీనమైన దరఖాస్తును సెప్టెంబరులో పంపడం కంటె చక్కని దరఖాస్తును జనవరిలో పంపడమే మేలు. విడత కంటె దరఖాస్తు ముఖ్యం.

తక్కిన తలుపులు

క్యాట్ ఒక్కటే మార్గమనుకోవడం కూడా పొరపాటే. 1949లో జంషెడ్‌పూర్‌లో వెలసిన ఎక్స్.ఎల్.ఆర్.ఐ. నిర్వహించే క్సాట్ జనవరి మొదటి ఆదివారం నాడు జరుగుతుంది. నవంబరులో తడబడినవారికి అయిదారు వారాల తరువాత వచ్చే అవకాశమిది. రెండు తెలుగు రాష్ట్రాలలోని కళాశాలలకు ఐసెట్ ఉండనే ఉన్నది. మళ్ళీ మళ్ళీ రాసి, ఉద్యోగంలో నాలుగైదేళ్ళు గడిపినవారికి మరొక దారి ఉన్నది. అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం. 2006లో ప్రారంభించిన ఏడాది చదువు అనుభవజ్ఞుల కోసమే. దానికి జీమ్యాట్, జీఆర్‌ఈ స్కోర్లు చెల్లుతాయి. చిన్నవారితో పోటీలో అనుకూలించని వయసే అక్కడ అర్హత.

రెండవ ప్రయత్నానికి వెనుదీయనక్కరలేదు. మూడవదాని విషయంలో మాత్రం మరింత నిర్దాక్షిణ్యంగా లెక్క చూసుకోవాలి. రెండు ప్రయత్నాలకూ మధ్య స్కోరు కదలలేదంటే శ్రమ లోపించిందనో, పద్ధతి మారలేదనో అర్థం. రెండూ సక్రమంగా ఉండి కూడా కదలకపోతే, ఆ ఏడాదిని వృత్తిలో పైమెట్టు ఎక్కడానికి వినియోగించడమే లాభదాయకం.

నిర్ణయం ఫలితాలనాడే తీసుకోనక్కరలేదు. ఆగస్టు వరకు గడువున్నది. మార్చి, ఏప్రిల్ నెలలలో ఉద్యోగం చేసుకుంటూనే, తన లోపానికి తగిన అభ్యాసం రెండు నెలలు చేసి, కాలం పెట్టుకుని నాలుగు నమూనా పరీక్షలు రాసి చూడవచ్చు. మార్కులు నాలుగింటిలోనూ నిలకడగా పెరిగితే ఆగస్టులో దరఖాస్తు నింపవచ్చు. పెరగకపోతే, పోయినవి రెండు నెలల సాయంకాలాలే గాని ఏడాది కాదు.