ఏడు పొరలూ వచ్చు, తీగ ఒక్కటే తెలియదు

 

జహీరాబాదులో ఒక డిగ్రీ కళాశాలలో నేను కంప్యూటర్ నెట్‌వర్కుల పాఠం చెబుతాను. మొన్నటి ప్రయోగ పరీక్షలో ఒక విద్యార్థినిని ఓఎస్‌ఐ నమూనా గురించి అడిగాను. ఏడు పొరల పేర్లూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఒక్కొక్క పొర చేసే పనులను నాలుగేసి చొప్పున అప్పజెప్పింది. సంతోషించి, ఆమె ముందున్న కంప్యూటరు వెనక వేలాడుతున్న నీలిరంగు తీగను చూపి, "ఇది ఎక్కడికి పోతుందమ్మా?" అన్నాను. ఆమె తీగ వంక చూసింది, నా వంక చూసింది. "అది సిలబసులో లేదు సార్" అంది.

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. నిజంగానే అది సిలబసులో లేదు. నెట్‌వర్కుల పాఠంలో నెట్‌వర్కు లేదు. ఈ మాట అనడానికే ఇంత రాస్తున్నాను.

ఈ నేరంలో మొదటి ముద్దాయిని నేనే. ఏళ్ళ తరబడి ప్రశ్నపత్రాలు తయారుచేశాను. "ఓఎస్‌ఐ నమూనాను పటం సహాయంతో వివరింపుము", పది మార్కులు. "డిస్టెన్సు వెక్టరు, లింకు స్టేటు పద్ధతుల మధ్య భేదములను తెలుపుము", పది మార్కులు. పిల్లలు పాత ప్రశ్నపత్రాలు చూసి ఏది వస్తుందో పందెం కాస్తారు, గెలుస్తారు. మేమూ గెలిచామనుకుంటాము, ఉత్తీర్ణతా శాతం చూసుకుని.

ఓఎస్‌ఐ నమూనా 1984లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. దానికి ఏడాది ముందే, 1983 జనవరి 1న, ఆర్పానెట్ టీసీపీ/ఐపీకి మారిపోయింది. ఈనాటి అంతర్జాలం నడిచేది ఆ టీసీపీ/ఐపీ మీదనే. అందులో సెషను పొర, ప్రెజెంటేషను పొర అంటూ విడిగా లేవు. అలాగని ఏడు పొరల నమూనా పనికిరానిదని నేననను. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టి ఆలోచించడానికి అది చక్కటి పదజాలాన్ని ఇస్తుంది. కానీ ఇల్లు చూపకుండా ఇంటి పటాన్ని మాత్రమే మూడు నెలలు వల్లెవేయించి, చివరికి ఆ పటంలోని రెండు గదులు ఇంట్లో విడిగా లేవని కూడా చెప్పకపోవడం ఏ బోధన?

మరొకటి చూడండి. ఐపీ ఆరవ సంచికను మా నోట్సులు ఇంకా "భవిష్యత్తులో రాబోవు విధానము" అని పరిచయం చేస్తాయి. దాని తొలి నిర్దేశం వెలువడింది 1995లో. పాత పద్ధతిలో చిరునామా 32 బిట్లు, అంటే సుమారు 430 కోట్ల చిరునామాలు. ప్రపంచ భాండాగారంలోని ఆఖరి మూటలు 2011 ఫిబ్రవరిలో పంచేశారు. ఈ రోజున మన దేశపు మొబైలు ఫోన్లలో అధికభాగం కొత్త చిరునామాలతోనే పనిచేస్తున్నాయి. విద్యార్థి జేబులోని ఫోనుకు 128 బిట్ల చిరునామా ఉంటుంది. అదే విద్యార్థి సమాధానపత్రంలో "అది భవిష్యత్తులో వచ్చును" అని రాస్తాడు. మేము మార్కులు వేస్తాము.

2021 అక్టోబరు 4 రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. ఫేస్‌బుక్కు, వాట్సాప్, ఇన్‌స్టాగ్రాము సుమారు ఆరు గంటలపాటు మాయమయ్యాయి. జరిగిందేమిటి? నిర్వహణలో భాగంగా ఇచ్చిన ఒక ఆదేశం పొరపాటున ఆ సంస్థ కేంద్రాలను కలిపే వెన్నెముకను తెంచివేసింది. దానితో ఆ సంస్థ డీఎన్‌ఎస్ సర్వర్లు "మా దగ్గరికి దారి ఇది" అని బీజీపీ ద్వారా చాటే ప్రకటనను ఉపసంహరించుకున్నాయి. సర్వర్లు బతికే ఉన్నాయి, వాటిని చేరే దారి ప్రపంచానికి తెలియకుండా పోయింది. ఇంతకంటె గొప్ప పాఠం దొరుకుతుందా? పేర్లను చిరునామాలుగా మార్చే పద్ధతి, దారులు వెతికే పద్ధతి రెండూ ఒక్క సంఘటనలో ఉన్నాయి. ఆ రాత్రి ఫోనును పదిసార్లు ఆపి మళ్ళీ పెట్టిన పిల్లలే మా తరగతిలో కూర్చున్నారు. అదే సంవత్సరం మేము అడిగినది మాత్రం డిస్టెన్సు వెక్టరుకూ లింకు స్టేటుకూ భేదములు.

రద్దీ నియంత్రణ సంగతీ అంతే. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్సు బర్కిలీ ప్రయోగశాలకూ, పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికీ మధ్య, కేవలం 400 గజాల దూరంలో, నెట్‌వర్కు వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. వాన్ జాకబ్సన్ అనే శాస్త్రవేత్త కారణం వెతుకుతూ పోయి టీసీపీకి కొత్త నడత నేర్పాడు. మార్గం సుగమంగా ఉంటే మెల్లగా వేగం పెంచు, ప్యాకెట్టు పోయిందని తెలియగానే తగ్గు. చెరకు కోతల కాలంలో ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరడం మా పిల్లలు చిన్నప్పటినుంచీ చూసినవారు. తూకం కాటా ఒక్కటే, వచ్చే బండ్లు వందలు. "ఆలస్యమవుతోంది కదా" అని ఊళ్ళోంచి ఇంకో పది బండ్లు తోలితే ఏమవుతుందో వాళ్ళకు నేను చెప్పాలా? అక్కడ మొదలుపెట్టి సూత్రానికి రావచ్చు. మేము సూత్రంతో మొదలుపెట్టి సూత్రంతోనే ముగిస్తాము.

ఇక భాష సంగతి. ఇక్కడ కొందరు మిత్రులు నామీద కత్తి దూస్తారని తెలుసు.

మా తరగతిలో తెలుగు ఇంట్లో మాట్లాడేవారున్నారు, ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవారున్నారు, కన్నడం మాట్లాడేవారున్నారు. బీదరు ఎంతో దూరం కాదు మరి. ఒక్కరు కూడా ఇంగ్లీషులో ఆలోచించరు. పాఠం మాత్రం ఇంగ్లీషులో. దాని ఫలితంగా పిల్లవాడికి రెండు బరువులు. విషయం అర్థం కాదు, అర్థం కాలేదన్న సంగతి చెప్పడానికి మాట రాదు. అప్పుడు మిగిలే దారి బట్టీయమొక్కటే.

శాస్త్రం దేశభాషల్లో పలకదు అనేవారికి మన గడ్డ చరిత్రే జవాబు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు బోధనాభాష ఉర్దూ. దానికోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి శాస్త్ర గ్రంథాలు తర్జుమా చేయించారు. వైద్యం, ఇంజనీరింగు కూడా ఆ భాషలోనే చెప్పారు. రాజ్యంలో అధికసంఖ్యాకుల మాతృభాష అది కాదన్న విమర్శ న్యాయమైనదే. అయితే ఆధునిక శాస్త్రాన్ని ఒక భారతీయ భాషలో ఉన్నత స్థాయిలో చెప్పవచ్చుననే సంగతి వందేళ్ళ క్రితం, ఇదే హైదరాబాదు రాజ్యంలో రుజువయింది. ఇప్పుడు సందేహపడుతున్నది మనం.

నేను కోరేది అచ్చతెలుగు కాదు. రౌటరును రౌటరనే అందాం, ప్యాకెట్టును ప్యాకెట్టనే అందాం. ఎందుకు, ఎలా, ఏమవుతుంది అనే మాటలు మాత్రం విద్యార్థి భాషలో ఉండాలి. ఉర్దూలో ఆలోచించేవాడు ఉర్దూలో అడగనీ, నాకు వచ్చినంతలో చెబుతాను. యూనికోడు తెలుగులో రాసే మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. "జహీరాబాద్" అనే మాటలో తొమ్మిది యూనికోడు గుర్తులున్నాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. వెరసి 27. అదే పేరు ఇంగ్లీషులో రాస్తే పది అక్షరాలు, పదే బైట్లు. నేటి వెబ్‌సైట్ల రాకపోకలన్నీ దాదాపుగా గుప్తలేఖనంలో సాగుతాయి గనుక, ల్యాబులోనే ఒక కంప్యూటరును మామూలు సర్వరుగా పెట్టి, వైర్‌షార్కు తెరిచి, ఈ మాట తీగలో పోతుండగా పిల్లలకు చూపించాను. తమ ఊరి పేరులోని బైట్లను వాళ్ళు వేలు పెట్టి లెక్కబెట్టారు. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

"పల్లెటూరి పిల్లలు, వాళ్ళకు ఇంతకంటె ఎక్కదు" అనే మాట సిబ్బంది గదుల్లో తరచు వింటాను. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. జహీరాబాదు దగ్గరి మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభమయింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన దళిత మహిళలు దాన్ని నడిపించారు. రికార్డు చేయడం, కూర్చడం, ప్రసారం చేయడం పొలం పనులు చేసే చేతులే నేర్చుకున్నాయి. పెద్ద డిగ్రీలు అడ్డురాలేదు, ఇంగ్లీషు అవసరం కాలేదు. యంత్రం ముందు కూర్చోబెట్టి, తమ మాటలో చెప్పి, తప్పు చేయనిచ్చారు గనుక నేర్చుకున్నారు.

మా సిలబసులో ఆలోహా పద్ధతి ఉంది. 1970ల మొదట్లో హవాయి దీవుల కంప్యూటర్లను రేడియో తరంగాలతో కలపడానికి నార్మన్ అబ్రామ్సన్ బృందం చేసిన ప్రయోగమది. ఎవరికి తోచినప్పుడు వారు మాట్లాడితే మాటలు ఢీకొని, ఛానలులో గరిష్ఠంగా 18.4 శాతమే పనికివస్తుంది. కాలాన్ని గళ్ళుగా కోసి, గడి మొదట్లోనే మాట్లాడాలంటే అది 36.8 శాతానికి పెరుగుతుంది. మా పిల్లలు ఈ అంకెలను సూత్రంతో సాధిస్తారు. అది రేడియో కథ అని, రేడియో స్టేషను తమ ఊరి పక్కనే వెలసిందని మేము ఎన్నడూ చెప్పలేదు.

ఏం చేయాలంటారా? మొదటి వారం తీగతో మొదలుపెట్టాలి. ఎనిమిది పోగులు, నాలుగు జతలు, ఒక్కో జతను ఎందుకు మెలిపెట్టారో విప్పి చూపాలి. ప్రతి విద్యార్థీ తన చేత్తో ఒక తీగకు కొస బిగించి, అది పనిచేసేదాకా లేవకూడదు. క్రింపింగు పనిముట్టు కొన్ని వందల రూపాయలకు వస్తుంది. వైర్‌షార్కు ఉచితం. రెండవ వారం పింగ్. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు ఇక్కడికి ఇంచుమించు 100 కిలోమీటర్లు. అంటే పోయిరావడానికి ఒక మిల్లీసెకను చాలు. మా ల్యాబులో పింగ్ కొడితే 20, 30 చూపుతుంది. తక్కిన కాలం ఎక్కడ ఖర్చయింది? ఈ ఒక్క ప్రశ్నను వెంటబెట్టుకుని పోతే రౌటర్లు, వరుసలు, దారులు, రద్దీ అన్నీ తామే ఎదురవుతాయి. ఏడు పొరలను ఆఖరి వారంలో చెబుదాం, అప్పటికి వాటితో పని ఉంటుంది. మార్కుల్లో సగం విద్యార్థి తానుగా కొలిచి, రాసి, సమర్థించుకున్నదానికి ఇద్దాం.

సిలబసు పూర్తికాదంటారు. ఇప్పుడు పూర్తవుతున్నది కాగితం మీదే కదా. ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలంటారు. కావాలి, కాదనను. నిర్దేశ పత్రాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి, వాటిని చదవడం కూడా నేర్పాలి. అయితే మా విద్యార్థి ఒకడు, తరగతిలో మొదటివాడు, హైదరాబాదులో ఒక ఉద్యోగానికి పోయాడు. "ఇంట్లో ఇంటర్నెట్టు రావడంలేదని ఒకరు ఫోను చేస్తే మొదట ఏం చూస్తావు?" అని అడిగారట. అతడు పొరల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడట. తిరిగివచ్చి నా ఎదుట కూర్చుని, "సార్, ఇది మనం చదివామా?" అన్నాడు. ఇంగ్లీషు రాక పోయిన ఉద్యోగం కాదది. వాళ్ళ నాన్న అప్పు తెచ్చి చదివించాడు. నేను పది మార్కులకు పదీ వేశాను. ఆ ఇద్దరిలో ఎవరం మోసం చేశామో ఆలోచించండి.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. అంతర్జాలపు నియమాలన్నీ ఆర్‌ఎఫ్‌సీలు అనే పత్రాలలో ఉంటాయి. ఆ పేరుకు "వ్యాఖ్యలకై విన్నపం" అని అర్థం. మొదటి పత్రాన్ని 1969 ఏప్రిల్ 7న రాసిన స్టీవ్ క్రాకర్ అప్పటికి విద్యార్థి. ఇంత పెద్ద జాలం ఒక విద్యార్థి "నాకు తోచింది ఇది, మీరేమంటారు?" అని అడగడంతో మొదలయింది. మా తరగతిలో మాత్రం విద్యార్థి అడగడు, మేము అడగనివ్వము.

వచ్చే సెమిస్టరు మొదటి రోజున పుస్తకం తెరవను. ఆ నీలిరంగు తీగను పట్టుకుని, అది ఎక్కడికి పోతుందో చూడటానికి అందరం కలిసి బయలుదేరుతాము. ఈ పాఠం చెప్పేవాళ్ళు, ఒకప్పుడు విన్నవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. ఒప్పుకోనివారు మొహమాటపడకుండా రాయండి. ఇదీ వ్యాఖ్యలకై విన్నపమే.