ఏ నది మీనము ఆ నదికే

చేపపిల్లలను నీటిలో వదలుట వేరు. చేపలు బ్రదుకదగిన నదిని నిలుపుట వేరు. మొదటిది ఒకనాటి ఉత్సవము, రెండవది నిత్యవ్రతము. ఉత్సవము జరుగుచున్నది, వ్రతమునకు పూనినవారు అరుదు.

కోడేరు మండలమునకు దక్షిణమున, కొల్లాపురము దాటిన పిమ్మట, సోమశిల వద్ద కృష్ణ కడలివలె కానవచ్చును. అది పారు నది కాదు. శ్రీశైలము ఆనకట్ట వెనుక నిలిచిన నీరు. 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట ఎత్తు 145 మీటర్లు. ఎగువన జూరాల ఆనకట్ట మరియొక గోడ. వరదకు ఎదురీది, గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టు జాతులకు ఈ రెండు గోడల మధ్య దారి యెక్కడ?

ఆనకట్టలను కూల్చుమని ఎవరును కోరరు. అన్నము పెట్టునవి అవియే. అయినను అవి చేసిన నష్టమును చేపపిల్లలతో పూడ్చవచ్చునను భ్రమ మాత్రము వీడవలసియున్నది. ఇందుకు మహసీరు కథయే నిదర్శనము.

పూణే ప్రాంతపు ములా-ముఠా నదిలోని ఒక చేపను 1839లో కర్నల్ సైక్స్ శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. దక్కను మహసీరు అదియే. ములా-ముఠా భీమలోను, భీమ కృష్ణలోను కలియును. కనుక ఈ చేప కృష్ణకు ఇంటిబిడ్డ. దాని సంతతి క్షీణింపగా, లోనావలా వద్ద టాటా విద్యుత్ సంస్థ 1970 దశకమున పిల్లలను పొదిగించి పెంచుటకు పూనుకొనెను. ఉద్దేశము ఉత్తమమే. ఆ పిల్లలు పలు రాష్ట్రముల నీళ్లకు చేరినవి, కావేరికిని చేరినవి. కావేరికి తనదైన మూపురపు మహసీరు కలదు. వచ్చిన చుట్టము వర్ధిల్లినది, ఇంటి బిడ్డ కృశించినది. ఆ మూపురపు చేప ఏ జాతిదో శాస్త్రజ్ఞులు 2018లో నిర్ధారించునప్పటికే అది అంతరించుటకు అడుగు దూరమున ఉన్నది. ఒక నదిలో రక్షింపదగిన చేప మరియొక నదిలో చొరబాటుదారు అయినది!

కావేరి నేర్చిన ఈ పాఠము కృష్ణాతీరమునను వినబడవలెను. సైక్స్ వర్ణించిన మరియొక దక్కను చేప సిలోనియా చిల్డ్రెని, 2011లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘపు పట్టికలో ప్రమాదస్థితి జాతిగా చేరినది. తెలంగాణలో 2016లో ఆరంభమైన ఉచిత చేపపిల్లల పంపిణీలో బొచ్చె, రవ్వ, బంగారుతీగలకు స్థానము కలదు; దీనికి లేదు. బంగారుతీగ ఈ దేశపు చేపయే కాదు; దాని బ్యాంకాకు రకము 1957లో వచ్చినది. తిలాపియా అంతకు ముందే, 1952లో వచ్చినది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకమును ప్రభుత్వము 2000లో నిషేధించినది. నిషేధము కాగితముపై నిలిచినంతగా నీటిలో నిలువలేదు. వలలు చించు దయ్యపు చేప వీటికి తోడైనది.

బెస్తలకు, ముదిరాజులకు జీవనము ముఖ్యము కాదా యని కొందరు అడుగుదురు. ముఖ్యమే. వేసవిలో ఎండు గ్రామపు చెరువునకు ఏటేటా పిల్లలు పోయుట న్యాయము. కాని చెరువు నీతి నదికి చెల్లదు. చెరువులో చేప పంట. నదిలో చేప వంశము. స్వజాతులు నశించి, వల చించు చేపలు మిగిలిననాడు మొదట నష్టపడువాడు జాలరియే.

చేయవలసిన పనులు అసాధ్యములు కావు. నదిలో వదలు పిల్లలు ఆ నది తల్లిచేపలకే పుట్టినవి కావలెను. తొలి వరదల కాలమున, గ్రుడ్లు పెట్టు తావులలో వలలు ఆగవలెను. ఆ దినములకు జాలరికి భృతి ముట్టవలెను. పట్టిన చేపలను బరువు చొప్పుననే గాక జాతి చొప్పునను సహకార సంఘములు లెక్క వ్రాయవలెను. లోతు మడుగులు కొన్నింటిని చేపలకే విడువవలెను.

ఈ చివరి మాట క్రొత్తది కాదు. శృంగేరి మఠము చెంత తుంగలో మహసీర్లను ఎవరును పట్టరు. యాత్రికులు వాటికి మరమరాలు వేయుదురు. ఆ తుంగ నీరే తుంగభద్రయై సంగమేశ్వరము చెంత కృష్ణను చేరుచున్నది. నీరు వచ్చిన దారిని ఆ బుద్ధియు వచ్చినచో కృష్ణ మీనములు బ్రదుకును.