బొగ్గుట్ట కబుర్లు

ఇల్లెందు అంటే కొందరు ముసలివాళ్లు కాసేపు ఆలోచిస్తారు. బొగ్గుట్ట అనండి, ఠక్కున దారి చెబుతారు. కల్లూరు, సత్తుపల్లి వైపు బస్సెక్కితే ఇప్పటికీ ఈ పేరు చెవిన పడుతుంది.

భద్రాద్రి రాముణ్ని చూడ్డానికి బళ్లు కట్టుకుని వెళ్లే యాత్రికులు దారిలో అక్కడ దిగారట. మూడు నల్లరాళ్లు పేర్చి పొయ్యి పెట్టారట. అన్నం ఉడికింది సరే, పొయ్యిరాళ్లు కూడా అంటుకున్నాయట! కాగితాల్లో కథ వేరు. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గును కనిపెట్టాడు. నాకైతే మొదటి కథే ఇష్టం. అందులో దొర లేడు, ఆకలి ఉంది.

1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి నిజాం రాజ్యంలో గనుల హక్కులు దక్కాయి. ఆ కంపెనీ రాయచూరు వైపు హట్టిలో అచ్చమైన బంగారం కోసం తవ్వింది. మన వంతుకు నల్ల బంగారం వచ్చింది. 1889లో, తొలి ఏడాదే, దాదాపు 60 వేల టన్నులు తీశారు. కారేపల్లి దగ్గరి సింగరేణి ఊరి పేరు 1920లో కంపెనీ పేరయింది.

గనిని ఇక్కడెవరూ గని అనరు, బాయి అంటారు. తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తి టబ్బు నింపిన తరం అది. మగమనిషి బాయిలో దిగితే ఇంట్లో వాళ్ల చెవులు సైరన్ మీదే. వేళ కాని వేళ మోగిందా, వాడంతా బాయి కాడికి పరుగే.

1990ల మొదట్లో కంపెనీలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లోకి దిగారు. బాయిలు ఒక్కొక్కటే మూతపడి ఓపెన్‌కాస్టులొచ్చాయి. కల్లూరు పొరుగున సత్తుపల్లిలో జలగం వెంగళరావు పేరుతో ఉన్నదీ ఓపెన్‌కాస్టే. బొగ్గు కోసమే కొత్తగూడెం నుంచి అక్కడికి రైలుమార్గం వేశారు. పేలుళ్లకు గోడలు బీటలిస్తున్నాయని పక్క కాలనీల వాళ్ల గోడు. బొగ్గుట్ట వాళ్లు సైరన్‌కు ఉలిక్కిపడితే, వీళ్లు బాంబు మోతకు ఉలిక్కిపడుతున్నారు.

మీ ఇంట్లో బాయి దిగిన తాత ఉంటే ఓసారి అడిగి చూడండి. మనవడి పేరు తడుముకుంటాడేమో గానీ, తను పనిచేసిన ఇంక్లైన్ నంబరు మాత్రం ఠపీమని చెబుతాడు. ఆ నంబరు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. మూసేసిన బాయి మీద తుమ్మలు మొలిచాక అదెక్కడుందో చూపించేవాళ్లు దొరకరు.